ఆవిరి ఇంజన్ల జాతరకు వెళ్తున్నారా?

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో అయోవా రాష్ట్రం మౌంట్ ప్లెజెంట్‌లో ఏటా పాత ఆవిరి ఇంజన్ల జాతర జరుగుతుంది. పేరు ఓల్డ్ థ్రెషర్స్ రీయూనియన్, అంటే పాతకాలపు నూర్పిడివాళ్ల కలయిక. 1950లో మొదలైంది. ఐదు రోజులు సాగి సెప్టెంబరు మొదటి సోమవారం, అంటే లేబర్ డేతో ముగుస్తుంది. షికాగో వైపు ఉన్న మనవాళ్లు కారు లేకుండానే వెళ్లొచ్చు. కాలిఫోర్నియా జెఫిర్ రైలు ఆ ఊళ్లోనే ఆగుతుంది, ప్రయాణం సుమారు నాలుగు గంటలు.

ఇంజన్లంటే ఇష్టమున్నవాళ్లు ఊరేగింపు వేళకు కాదు, పొద్దున్నే వెళ్లాలి. చల్లారిన బాయిలర్‌లో ఆవిరి పట్టడానికి రెండు మూడు గంటలు పడుతుంది. తొందరపడి పెద్ద మంట వేస్తే బాయిలర్ రేకు అంతటా ఒకేలా సాగదు, లోపల పొగ వెళ్లే గొట్టాల అంచుల దగ్గర నీరు కారుతుంది. అందుకే చిన్న కట్టెల మంటతో మొదలుపెడతారు.

అగ్గి వెలిగించే ముందే నీరు చూస్తారు. బాయిలర్‌కు నిలువుగా బిగించిన గాజు గొట్టంలో నీటిమట్టం కనబడుతుంది. కానీ దాని రంధ్రంలో పూడిక చేరితే తప్పు మట్టం చూపిస్తుంది. కాబట్టి పక్కనున్న చిన్న కుళాయిలు ఒక్కొక్కటే తిప్పి, ఎక్కడ నీరు వస్తోందో, ఎక్కడ ఆవిరి వస్తోందో సరిచూసుకుంటారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఫైర్‌బాక్స్, అంటే మంట మండే గది, దాని పైకప్పు రేకు ఎప్పుడూ నీటిలో మునిగి ఉండాలి. నీరు తగ్గితే రేకు ఎర్రగా కాలి, బలం పోయి, లోపలికి కుంగి చిరుగుతుంది. అప్పటిదాకా ఒత్తిడిలో ఉన్న వేడినీరంతా ఒక్కసారిగా ఆవిరైపోతుంది. ఆ రేకులో తగరం నింపిన ప్లగ్ ఒకటి ఉంటుంది. నీరు తగ్గగానే 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర తగరం కరిగి, ఆవిరి మంటమీదికి చిమ్మి హెచ్చరించాలి. ప్లగ్ మీద ఉప్పు పొర పేరుకుంటే అదీ పనిచేయదు. 2001 జులైలో ఒహాయోలోని మెడైనాలో నీరు తగ్గిన పాత ఇంజన్ ఒకటి పేలి ఐదుగురు చనిపోయారు. అందుకే ఏ ఇంజన్ దగ్గరికి వెళ్లినా, తళతళలాడే ఇత్తడి కన్నా ముందు ఆ గాజు గొట్టం చూడండి.

ఇక నూర్పిడి. ఇంజన్ పక్కనుండే పెద్ద చక్రం, ఫ్లైవీల్ నుంచి నూర్పిడి యంత్రానికి పొడవాటి బెల్టు వేస్తారు. నిప్పురవ్వలు గడ్డిమీద పడకూడదని రెండింటినీ దూరంగా నిలుపుతారు. బెల్టును ఒక మెలిక తిప్పి ఎనిమిది అంకెలా వేస్తారు. దాంతో చక్రాన్ని ఎక్కువ మేర చుట్టి గట్టిగా పట్టుకుంటుంది, గాలికి తక్కువ ఊగుతుంది. ఇంజన్, యంత్రం ఒకే గీతలో లేకపోతే బెల్టు జారిపోతుంది. బిగువు కోసం డ్రైవరు ఇంజన్‌ను అంగుళం అంగుళంగా వెనక్కి జరుపుతాడు. చూడవలసిన నేర్పు అదే! పనలను కంకులు ముందుకు ఉండేలా అందించాలి, ఒక్కసారే ఎక్కువ వేస్తే యంత్రం గొంతు పట్టి, ఇంజన్ మూలుగుతుంది.

బెల్టు సాగే దారిలో నిలబడకండి. తెగితే కొరడాలా విసురుతుంది. నూలు బట్టలు, మూసిన బూట్లు వేసుకోండి. నైలాన్ మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. సిలిండరు కింది కుళాయిల ఎదుట పిల్లల్ని నిలబెట్టకండి, బయల్దేరేటప్పుడు అక్కడినుంచి వేడినీరు చిమ్ముతుంది.

డ్రైవర్లు ఓపిగ్గా చెబుతారు. అయితే బాయిలర్‌లోకి నీరు ఎక్కిస్తుండగా పలకరించకండి. ఆవిరి బలంతో నీటిని లోపలికి నెట్టే ఇంజెక్టర్ సరిగ్గా పనిచేయడం మొదలుపెట్టేదాకా ఆగి, అప్పుడు అడగండి. ట్యాంకులో నీరు వేడెక్కితే ఇంజెక్టర్ మొరాయిస్తుంది. దానిలోకి వచ్చిన ఆవిరి చన్నీటికి తగిలి నీరవ్వాలి, అప్పుడే నీటిని లోపలికి నెట్టే వేగం వస్తుంది.