ఆరు బ్యాటరీలా, ఒక్కటేనా?

శ్రోతలకు నమస్కారం. బెంగళూరులో గోల్ఫ్ ఆట ఎన్నడూ చూడనివారికి కూడా గోల్ఫ్ బండి తెలుసు. లాల్‌బాగ్‌లో నడవలేని సందర్శకులను తిప్పే బ్యాటరీ బండీ, పెద్ద అపార్ట్‌మెంట్లలో గేటు దగ్గర నుంచి వృద్ధులను బ్లాకు దాకా చేరవేసే బండీ ఆ కోవకు చెందినవే. కొన్న కొత్తలో అందరూ ముచ్చటపడే ఈ బండి, బ్యాటరీలు మార్చవలసిన రోజు రాగానే కమిటీ సమావేశాల్లో వాదోపవాదాలకు కారణమవుతుంది. ఈ ప్రసంగం ఆ ఖర్చు గురించే.

ఇటువంటి బండ్లు చాలావరకు 48 వోల్టులతో నడుస్తాయి. సీటు కింద 8 వోల్టుల సీసపు బ్యాటరీలు ఆరు వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కొక్కటి దాదాపు 30 కిలోల బరువు. ఒక్కోదాని వెల 15,000 రూపాయలనుకుంటే, ఆరింటికీ కలిపి 90,000 అవుతుంది. నెలనెలా నిర్వహణ రుసుము వసూలు చేసే సంఘానికి ఒక్కసారిగా వచ్చిపడే ఇంత బిల్లు చిన్నది కాదు.

వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంటు సంఘానికి మా బాబాయిగారు కోశాధికారి. వారి బండి నలుగురిని ఎక్కించుకుని బేస్‌మెంటు ర్యాంపు ఎక్కుతూ సగంలో ఆగిపోవడం మొదలైంది. బ్యాటరీలు కొని ఏడాది కూడా నిండలేదు. అమ్మిన దుకాణం వారు వచ్చి, నీరు ఎండిపోయింది గనుక వారంటీ వర్తించదనీ, ఆరూ మార్చవలసిందేననీ అంచనా కాగితం చేతిలో పెట్టి వెళ్లారు. ఖర్చుపెట్టే ముందు మరొకరికి చూపించాలన్న పట్టుదలతో బాబాయిగారు హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక మెకానిక్కును పిలిపించారు.

అతడు ముందుగా బండి నిలిచి ఉండగా మీటరు పెట్టి చూస్తే ఆరు బ్యాటరీలూ ఇంచుమించు ఒకే అంకె చూపించాయి. "నిలబెట్టి చూస్తే అన్నీ మంచివే సార్, బరువేసి చూడాల" అని, నలుగురిని కూర్చోబెట్టి ర్యాంపు ఎక్కిస్తూ ఒక్కొక్కదాన్నీ కొలిచాడు. అయిదు బ్యాటరీలు 8 వోల్టులకు కాస్త దిగువన నిలదొక్కుకున్నాయి. వెనుక మూలనున్న ఆరవది మాత్రం 6 వోల్టులకు లోపు పడిపోయింది. మూతలు తీసి గ్రావిటీ, అంటే లోపలి ఆసిడ్ సాంద్రత, చూస్తే, దాని నాలుగు సెల్లుల్లో, అంటే లోపలి గదుల్లో, మూడు 1250 చూపగా, నాలుగవది 1150 దగ్గరే ఆగిపోయింది. ఆ సెల్లులోని సీసపు ప్లేట్లు నీటి పైకి తేలి తెల్లబారి ఉన్నాయి. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. సీటు బిగించిన ఇనుప పట్టీ సరిగ్గా ఆ మూత పైనుంచి పోతోంది. నీళ్లు పోసే వాచ్‌మన్ చేయి ఇన్నాళ్లూ అక్కడికి అందలేదు.

బ్యాటరీలన్నింటి గుండా ఒకే కరెంటు ప్రవహిస్తుంది కనుక, కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కుంటితే బండి మొత్తం కుంటినట్లే, ఒక్క సెల్లు చచ్చిపోతే 48 వోల్టులూ బలహీనపడినట్లు కనిపిస్తుంది. బాబాయిగారు ఆ ఒక్క బ్యాటరీనే మార్పించారు.

అయితే ఒకటి మార్చడం అన్ని వేళలా లాభసాటి కాదు. మూడు నాలుగేళ్లు వాడిన అయిదింటి మధ్య కొత్తదాన్ని పెడితే, పాతవాటికి చాలని ఛార్జింగు కొత్తదానికి ఎక్కువై, అది కూడా త్వరగానే దెబ్బతింటుంది. సెట్టు ఇంకా కొత్తదైతే ఒకటి, పాతబడితే ఆరూ అన్నది నా అభిప్రాయం. ఏదైనా సరే, బరువు మీద విడివిడిగా కొలిచిన ఆరు అంకెలు చూడనిదే డబ్బు చెల్లించకూడదు.

లిథియం బ్యాటరీలకు నీటి బెడద లేదు, బరువు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. కానీ మొదటి పెట్టుబడి బాగా పెరుగుతుంది, తగిన ఛార్జరు కూడా కావాలి. బండి రోజంతా తిరిగేచోట అవి గిట్టుబాటు కావచ్చు. ఉదయం, సాయంత్రం నాలుగు చుట్లు తిరిగే బండికి సీసమే చాలునని నాకనిపిస్తుంది.

సీసపు బ్యాటరీలను ఎంచుకున్నవారు నీటి విషయం మరువకూడదు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఆర్వో నీళ్లు చాలవా అని మన అపార్ట్‌మెంట్లలో తరచూ అడుగుతారు. చాలవు. వాటిలో లవణాలు పూర్తిగా పోవు. డిస్టిల్డ్ వాటర్ కూడా ఛార్జింగు ముగిసిన తరువాతే పోయాలి, ఎందుకంటే ఛార్జింగులో ద్రవం వ్యాకోచిస్తుంది, ముందే నింపితే ఆసిడ్ పైకి పొంగి పోతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం, అవి మునిగేంత మేరకు ముందుగా పోసి, మిగిలినది తరువాత నింపాలి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా ఆ మూతలు ముట్టుకోవద్దని వాచ్‌మన్‌కు గట్టిగా చెప్పండి. వేసవిలో నీరు త్వరగా ఇంకుతుంది. చెన్నైలో ఉన్న మన వాళ్లు ఇంకా తరచుగా చూసుకోవాలి.

చివరగా పాత బ్యాటరీల సంగతి. వాటి బరువులో సగానికి పైగా సీసమే కాబట్టి పాడైనా వాటికి వెల ఉంటుంది. వాడిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారుల మీద ఉంచాయి. అందువల్ల అంచనా కాగితంలో కొత్తదాని ధర ఒక వరుసలో, పాతదానికి తగ్గించే మొత్తం మరొక వరుసలో విడిగా రాసి ఇమ్మని అడగండి. బాబాయిగారికి వచ్చిన మొదటి బిల్లులో ఆ రెండో వరుస లేదు. అడిగి రాయించుకున్నాకే ఆయన చెక్కు మీద సంతకం చేశారు.