లిమిట్ ఎంత పెంచినా చాలడం లేదా? కంట్రోలర్ మీద పీప్రాఫ్ పెట్టి చూశాను

అందరికీ నమస్కారం. ఈరోజు రివ్యూ పీప్రాఫ్ మీద. ప్రోగ్రామ్ సీపీయూని, మెమరీని ఎక్కడ తింటోందో చూపించే టూల్ ఇది. గో భాషతో పాటే వస్తుంది, పైసా ఖర్చు లేదు. దీన్ని కుబర్నెటీస్ (కంటెయినర్లను చాలా మెషీన్ల మీద నడిపే వ్యవస్థ) క్లస్టర్‌లో నడుస్తున్న కంట్రోలర్ (క్లస్టర్ స్థితిని గమనిస్తూ సరిచేసే ప్రోగ్రామ్) మీద పెట్టి చూద్దాం.

మా కంట్రోలర్ ఒకటి నా లాప్‌టాప్‌లో మహా బుద్ధిమంతుడు. క్లస్టర్‌లో అడుగుపెట్టిందో లేదో ఓఓఎం కిల్డ్ (మెమరీ లిమిట్ దాటిందని చంపేయడం), ఎగ్జిట్ కోడ్ 137. లిమిట్ పెంచాం, మళ్లీ పడిపోయింది. ఇంకా పెంచాం. అర్ధరాత్రి అలర్ట్‌లు, టెన్షన్ మామూలే.

కంట్రోలర్ రన్‌టైమ్ (కంట్రోలర్లు రాయడానికి గో లైబ్రరీ) వాడేవాళ్లకి సెటప్ సులువు. మేనేజర్ ఆప్షన్స్‌లో పీప్రాఫ్ బైండ్ అడ్రస్ ఇస్తే చాలు. కానీ లోకల్‌హోస్ట్‌కే ఇవ్వండి, బయటికి వదలకండి. పోర్ట్ ఫార్వర్డ్‌తో ఎలాగూ అందుతుంది.

ముందు సీపీయూ ప్రొఫైల్ తీశాను. 30 సెకన్లు ఆగితే దాదాపు ఖాళీ! తీరా చూస్తే అది లీడర్ కాని పాడ్, అంటే పని చేయకుండా వంతు కోసం ఆగిన కాపీ. పని చేసేవాడు పక్క పాడ్‌లో ఉన్నాడు. మీరు ముందే లీజ్ (లీడర్ ఎవరో రాసి ఉండే రికార్డు) చూసుకోండి.

అసలు కథ హీప్ (ప్రోగ్రామ్ వాడే మెమరీ) ప్రొఫైల్‌లో ఉంది. స్క్రీన్ చూడండి, టాప్ కొడితే పైనే సీక్రెట్ అన్‌మార్షల్, అంటే పాస్‌వర్డ్‌ల లాంటివి దాచే సీక్రెట్లను డీకోడ్ చేసే పని. మా కోడ్‌లో చదివేది ఒక్కటంటే ఒక్క సీక్రెట్! మరి ఇదేంటి? కంట్రోలర్ రన్‌టైమ్ ఇచ్చే క్లయింట్ మామూలుగా చదివేది కాష్ (మెమరీలో ఉంచుకున్న కాపీ) నుంచి. ఒక్క సీక్రెట్ కోసం గెట్ అన్నా సరే, క్లస్టర్‌లోని సీక్రెట్లన్నింటికీ వాచ్ పెట్టి మెమరీలోకి లాక్కొస్తుంది. పైగా హెల్మ్ (కుబర్నెటీస్‌లో యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే టూల్) తన రిలీజ్‌లను దాచుకునేది సీక్రెట్లలోనే, మామూలుగా ఒక్కోదానికి 10 వెర్షన్ల దాకా. నా లాప్‌టాప్‌లోని బుల్లి క్లస్టర్‌లో ఇవేవీ లేవు మరి.

క్లయింట్ ఆప్షన్స్‌లో సీక్రెట్‌కి కాష్ ఆపేశాం. ఇక ప్రతి గెట్ నేరుగా ఏపీఐ సర్వర్‌కే వెళ్తుంది. మాది ఒక్కటే కాబట్టి నడిచింది, మీరు వందల్లో చదువుతుంటే మాత్రం కాష్ ఉంచి, అవసరమైన నేమ్‌స్పేస్‌కే (క్లస్టర్‌లోని ఒక విభాగం) పరిమితం చేయండి. తర్వాత పాత ప్రొఫైల్‌ని బేస్‌గా ఇచ్చి కొత్తదానితో పోల్చితే, సీక్రెట్ లైన్ మైనస్‌లోకి దిగింది.

నచ్చనివీ ఉన్నాయి. హీప్ ప్రొఫైల్ మెమరీ ఎక్కడ పుట్టిందో చెబుతుంది కానీ, ఎవరు వదలకుండా పట్టుకున్నారో చెప్పదు. పైగా అది చివరి గార్బేజ్ కలెక్షన్ నాటి లెక్క, అందుకే కెర్నెల్ చూపే అంకె కంటే తక్కువే కనిపిస్తుంది. ఇంకోటి, పాడ్ చచ్చాక ప్రొఫైల్ దొరకదు. అందుకే మేం లిమిట్‌ని ఒక గంటసేపు బాగా ఎత్తి ఉంచి, ఆలోగా తీసుకున్నాం.