ఎరిన్ ఫిలిప్స్ కెరీర్ రివ్యూ: 13 ఏళ్లకు ఆగిన ఆట, 31కి మళ్లీ మొదలు

అందరికీ నమస్కారం. అడిలైడ్ ఓవల్ గుర్తుందిగా? 2003లో మన లక్ష్మణ్, ద్రవిడ్ కలిసి 303 పరుగులు జోడించిన గ్రౌండ్. 2020లో మనం 36కి ఆలౌట్ అయింది కూడా అక్కడే, సరే, దాని జోలికి ఇప్పుడు వద్దులెండి. 2019 మార్చి 31న ఆ గ్రౌండ్‌కి 53,034 మంది వచ్చారు. క్రికెట్ కోసం కాదు, ఆడవాళ్ల ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఫైనల్ కోసం. ఆ రోజు బెస్ట్ ప్లేయర్‌గా నిలిచిన ఎరిన్ ఫిలిప్స్ కెరీరే ఇవాళ్టి రివ్యూ.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మెల్‌బోర్న్‌లో ఉండే మనవాళ్లకి దీని పేరు ఫుటీ. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, రెండు వైపులా నాలుగేసి పోల్స్. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే 1 పాయింటే. బంతిని చేత్తో విసరకూడదు, పిడికిలితో కొట్టి పాస్ ఇవ్వాలి, లేదా కాలితో తన్నాలి. అంతే, మిగతాది చూస్తుంటే తెలిసిపోతుంది.

ఎరిన్ గురించి ఎక్కడ చదివినా "బాస్కెట్‌బాల్ స్టార్, తర్వాత ఫుటీలోకి వచ్చింది" అని రాస్తారు. నాకు ఈ మాట నచ్చదు. ఆమె పుట్టడమే ఫుటీ ఇంట్లో. నాన్న గ్రెగ్ ఫిలిప్స్ పోర్ట్ అడిలైడ్ క్లబ్‌తో ఎనిమిది టైటిల్స్ గెలిచిన డిఫెండర్. చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి ఆడేది. 13 ఏళ్లు వచ్చాక ఇక అమ్మాయిలు అబ్బాయిల టీముల్లో ఆడకూడదన్నారు. పెద్దయ్యాక ఆడదామంటే ఆడవాళ్లకి ప్రొఫెషనల్ లీగ్ అన్నదే లేదు. అందుకే బాస్కెట్‌బాల్ పట్టుకుంది.

పట్టుకున్నాక అక్కడా తక్కువ తినలేదు. 2006లో ఆస్ట్రేలియాతో ప్రపంచ చాంపియన్, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో వెండి పతకం. అమెరికాలో ఆడవాళ్ల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో టైటిల్స్ రెండు, 2012లో ఇండియానాతో, 2014లో ఫీనిక్స్‌తో. తమాషా ఏంటంటే అదే 2012లో లండన్ ఒలింపిక్స్ టీమ్‌లో ఆమెకి చోటు దక్కలేదు. సెలెక్టర్లు పక్కనపెట్టిన ఏడాదే అమెరికాలో టైటిల్ గెలిచింది.

2017 ఫిబ్రవరిలో ఏఎఫ్‌ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) మహిళల లీగ్ మొదలైంది. ఎనిమిది టీములు, ఏడు రౌండ్లు, తర్వాత ఫైనల్. చాలామంది ఆటగాళ్లకి సీజన్ మొత్తానికి వచ్చింది దాదాపు 8,500 ఆస్ట్రేలియన్ డాలర్లు. పగలు ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీస్. నాన్న క్లబ్ పోర్ట్‌కి అప్పటికి మహిళల టీమ్ లేదు, అందుకని ఎరిన్ అదే ఊళ్లో పోర్ట్‌కి బద్ధశత్రువైన అడిలైడ్ క్రోస్‌లో చేరింది. అప్పటికి ఆమెకి 31 ఏళ్లు, ఇంట్లో నెలల వయసున్న కవలలు.

ఆ సీజన్ ఫైనల్ బ్రిస్బేన్ మీద. అడిలైడ్ 35, బ్రిస్బేన్ 29. ఒక్క గోల్ తేడా! ఎరిన్ రెండు గోల్స్ కొట్టి ఆ మ్యాచ్‌లో బెస్ట్ అనిపించుకుంది. వీడియో చూసేటప్పుడు ఆమె బంతి దగ్గరికి వచ్చే తీరు గమనించండి. గుంపులో బంతి కింద పడకముందే ఎటు వస్తుందో పసిగడుతుంది. అందుకున్నాక ఒక్క అడుగు పక్కకి వేస్తుంది, ఎదుటి మనిషి గాలిని పట్టుకుంటుంది. అది బాస్కెట్‌బాల్ గార్డ్ కాలి పని. తన్నడం మాత్రం చిన్ననాటిదే, అది 31 ఏళ్లకి నేర్చుకుంటే వచ్చేది కాదు.

కొన్ని రోజులకే ఆ ఏడాది లీగ్ అత్యుత్తమ ప్లేయర్ అవార్డు ఆమెకే వచ్చింది. పేరు పిలవగానే పక్కనున్న భార్య ట్రేసీకి ముద్దిచ్చి స్టేజీ ఎక్కింది. ఆ ఫోటో దేశమంతా చూసింది. స్వలింగ వివాహాలకి అప్పటికి ఆస్ట్రేలియాలో ఇంకా చట్టబద్ధత లేదు, అది ఆ ఏడాది డిసెంబర్‌లో వచ్చింది.

ఇక 2019 ఫైనల్. కార్ల్‌టన్‌ని 63-18తో చిత్తు చేశారు, కాబట్టి స్కోరులో సస్పెన్స్ లేదు. మూడో క్వార్టర్‌లో ఎరిన్ ఎడమ మోకాలు మెలిపడి కూలిపోయింది. మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్, ఏసీఎల్, తెగింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే స్టేడియం మొత్తం లేచి నిలబడింది, ఓడిపోతున్న కార్ల్‌టన్ అమ్మాయిలు కూడా దగ్గరికొచ్చి పలకరించారు. ఆట మధ్యలోనే బయటికెళ్లినా బెస్ట్ ప్లేయర్ ఆమే. ఆ ఏడాది లీగ్ అవార్డూ రెండోసారి ఆమెకే.

ఇప్పుడు మైనస్ కూడా చెప్పాలి. తొలి సీజన్లలో లీగ్ స్థాయి ఇంకా ఎదుగుతోంది, పదేళ్లకు పైగా ప్రొఫెషనల్‌గా ఆడిన మనిషి వాళ్ల మధ్య పెద్దగా కనిపించడం సహజమే అని కొందరంటారు. ఇందులో కొంత నిజం ఉంది, నేను కాదనను. కానీ 2021 నాటికి ఆ వాదన నిలవదు. అప్పటికి టీములు పెరిగాయి, చిన్నప్పటి నుంచి ఇదే ఆట ఆడుతూ వచ్చిన అమ్మాయిలు దిగారు. అయినా 35 ఏళ్ల వయసులో, తెగి కుట్టించుకున్న మోకాలితో, ఆల్-ఆస్ట్రేలియన్ టీమ్‌లో, అంటే ఆ సీజన్ బెస్ట్ ప్లేయర్లతో ఎంపిక చేసే టీమ్‌లో, చోటు సంపాదించింది. 2022 ఏప్రిల్‌లో అడిలైడ్‌తో మూడో టైటిల్ కూడా గెలిచింది.

ఆ వెంటనే పోర్ట్ అడిలైడ్ మహిళల టీమ్ మొదలైంది. మూడుసార్లు గెలిచిన టీమ్‌ని వదిలి, నాన్న క్లబ్‌కి తొలి కెప్టెన్‌గా వెళ్లిపోయింది. ఆట పరంగా చూస్తే నష్టమే, కొత్త టీమ్ చాలా మ్యాచ్‌లు ఓడింది, 2023 తర్వాత ఆమె రిటైర్ అయింది. అయినా ఆ నిర్ణయానికి నేను మార్కులు తగ్గించను.

కొత్తవాళ్లయితే 2017 ఫైనల్ హైలైట్స్‌తో మొదలుపెట్టండి, ఆట అర్థమవుతుంది. 2019ది తర్వాత చూడండి. ఫుటీ చూసేవాళ్లు ఎవరైనా ఉంటే, మీ ఊళ్లో ఏ టీమ్‌కి సపోర్ట్ చేస్తారో కామెంట్‌లో చెప్పండి. పోర్ట్, క్రోస్ వాళ్లు మాత్రం కొట్టుకోవద్దు.