బుడమేరు నీళ్లు తాగిన ఇంజిన్: మా ఇంటి కింద మారుతి 800కి మళ్లీ ప్రాణం పోశాం

నమస్తే అండి. నా చేతిలో ఉన్నది మా నాన్నగారి మారుతి 800లో రెండో సిలిండర్ కనెక్టింగ్ రాడ్, అంటే పిస్టన్‌ను కింద తిరిగే క్రాంక్ ఇరుసుకి కలిపే కడ్డీ. పక్కన బల్ల మీద ఉన్నది మూడో సిలిండర్‌ది. విడివిడిగా చూస్తే తేడా తెలియదు. రెండింటినీ ఇలా ఆనించి వెనక నుంచి టార్చ్ వేస్తాను, చూడండి. మధ్యలోంచి సన్నటి గీతలా వెలుతురు వస్తోంది కదా? రాడ్ వంగిందన్నమాట. ఇనుప కడ్డీని వంచింది ఏ బండరాయో కాదు, నీళ్లు. అది కూడా నా చేతి మీదుగానే జరిగింది.

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగుకు గండ్లు పడి నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. మరుసటి రోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మేం పై పోర్షన్లో ఉన్నాం కాబట్టి ప్రాణాలకు ఇబ్బంది లేకుండా గడిచింది. కింద పార్కింగ్‌లో ఉన్న బండి మాత్రం స్టీరింగ్ పైదాకా మునిగింది. వారం రోజులు అలాగే నీళ్లలో ఉంది.

నీళ్లు దిగిన రోజే నేను తప్పు చేశాను. తాళం తిప్పితే ఏ చప్పుడూ లేదు. బ్యాటరీ పోయిందనుకున్నాను. వీధిలో కుర్రాళ్లు నలుగురు వచ్చి తోశారు, నేను రెండో గేర్‌లో క్లచ్ వదిలాను. బండి ఒక్క కుదుపుతో ఆగిపోయింది, లోపల 'టక్' మని ఒక శబ్దం. ఆ శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అసలేం జరిగిందో చెప్తాను. ఈ ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. అంటే ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ తుడిచే చోటు 265 మిల్లీలీటర్లు. పిస్టన్ పైకి వచ్చేసరికి అందులో మిగిలే ఖాళీ 35 మిల్లీలీటర్ల దగ్గర, చిన్న టీ గ్లాసులో సగం. గాలైతే ఆ కాస్త చోటులోకి నలిగి సర్దుకుంటుంది. నీళ్లు నలగవు. పిస్టన్ పైకి వెళ్లలేదు, కింద నుంచి క్రాంక్ తోస్తోంది, వెనక నుంచి చక్రాలు తోస్తున్నాయి. మధ్యలో ఇరుక్కున్నది రాడ్. అది వంగింది.

అందుకని ముందు ఈ ఒక్క మాట వినండి, మిగతా వీడియో తర్వాత చూసినా ఫర్వాలేదు. బండి మునిగితే తాళం తిప్పకండి, తోయకండి. బ్యాటరీ వైరు తీసేయండి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా పెట్టి చేత్తో మెల్లగా తిప్పండి. నీళ్లు ప్లగ్ రంధ్రాల్లోంచి బయటికి వచ్చేస్తాయి. తర్వాత ఒక్కో రంధ్రంలో రెండు మూడు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. ఇంత చేస్తే చాలా ఇంజిన్లు బతుకుతాయి. నేను చేయలేదు. ఇల్లు కడుక్కోవడం, బియ్యం, బట్టలు, కరెంటు, వీటితోనే మాకు రెండు నెలలు గడిచిపోయాయి. ఈలోగా లోపల తుప్పు పట్టి ఇంజిన్ బిగుసుకుపోయింది.

చాలామంది అడిగారు, అంత కష్టం ఎందుకు, ఆటోనగర్‌లో పాత ఇంజిన్ ఒకటి కొని పెట్టేస్తే పోయేది కదా అని. పెట్టొచ్చు. కానీ ఇంజిన్ నంబర్ మారుతుంది, దాన్ని ఆర్సీలో ఎక్కించుకోవాలి. పైగా కొన్న ఇంజిన్ లోపల ఎలా ఉందో విప్పితే గానీ తెలియదు. ఎలాగూ విప్పాల్సిందే అన్నప్పుడు మనదే విప్పుదాం అన్నారు నాన్న. ఇది 1998 మోడల్, కార్బురేటర్ బండి. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయినా సామాను ఇంకా దొరుకుతోంది. నన్ను స్కూల్లో దింపిన బండి ఇది. తుక్కు కింద ఇవ్వడానికి మాకు మనసు ఒప్పలేదు.

ఇంజిన్ దింపడం గురించి పెద్దగా చెప్పను. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. పార్కింగ్ స్లాబ్‌కి ఫ్యాన్ కోసం వేసిన కొక్కెం ఉంటుంది, దానికి చైన్ పుల్లీ తగిలించకండి. ఫ్యాన్ బరువు వేరు, ఇంజిన్ బరువు వేరు. మేం సరుగుడు బాదులు మూడు తెచ్చి, పైన గొలుసుతో కట్టి, ముక్కాలి పీటలా నిలబెట్టి దానికి తగిలించాం. ఇంజిన్ గాల్లో ఉండగా దాని కింద చెయ్యి పెట్టకూడదు. బాబాయ్ పట్టుకుని, నేను గొలుసు లాగి, టైరు మీదికి దించాం.

ఇక విప్పడం. ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, సరే, కానీ అవి చాలవు. నేను అట్టముక్క మీద ఇంజిన్ హెడ్ (సిలిండర్ల పైమూత) బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో ఆ చోటే గుచ్చి పెట్టాను. పొడుగు బోల్టు చోట పొట్టిది, పొట్టి బోల్టు చోట పొడుగుది పడితే బ్లాక్‌లో, అంటే సిలిండర్లు ఉండే దిమ్మలో, మర పాడవుతుంది. కనెక్టింగ్ రాడ్‌ను క్రాంక్‌కి పట్టి ఉంచే క్యాపుల మీద ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు పంచ్‌తో కొట్టాను. ఏ రాడ్ క్యాపు ఆ రాడ్‌కే, అదే వైపుకి వెళ్లాలి. ఇందులో మాత్రం సర్దుబాటు లేదు.

బిగుసుకున్న పిస్టన్ల మీద డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి మూడు రోజులు వదిలేశాను. నాలుగో రోజు చెక్కముక్క పెట్టి మెల్లగా తడితే కదిలాయి. అప్పుడు, పిస్టన్లు బయటికి తీయకముందే ఒక కొలత తీసుకున్నాను. ఒక్కో పిస్టన్‌ను పైదాకా తెచ్చి, బ్లాక్ పై తలం నుంచి పిస్టన్ తల ఎంత దిగువన ఉందో వెర్నియర్ కాలిపర్‌తో చూశాను. ఒకటోది, మూడోది సమానం. రెండోది వాటికన్నా ముప్పావు మిల్లీమీటరు కింద ఆగింది. రాడ్ వంగి పొట్టిదైంది కదా, పిస్టన్ పూర్తిగా పైకి రాలేదు. ఈ కొలత తీసుకోకుండా పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, బేరింగులు మార్చి బిగించేసి ఉంటే బండి స్టార్ట్ అయ్యేదే. కానీ రెండో సిలిండర్‌లో కంప్రెషన్, అంటే గాలి నలిగే ఒత్తిడి, తక్కువ; నడుస్తుంటే వణుకు. కారణం ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చునేవాళ్లం.

నాకు ఈ పని నేర్పింది అదే, ముందు కొలిచి చూడాలని. ఆటోనగర్‌లో మెకానిక్‌కి వచ్చినంత పని నాకు రాదు. నిమిషంలో చెవితో కనిపెట్టే మనుషులున్నారు అక్కడ. కానీ ఆయన షెడ్డు బయట ఇంకో నాలుగు బళ్లు ఎదురుచూస్తుంటాయి. ఒక బ్లాక్‌ను మూడు రోజులు కడగడం ఆయనకు కుదరదు, నాకు కుదురుతుంది. కడగడం, కొలవడం, ఈ రెండూ తీరిక ఉన్నవాడు బాగా చేయగల పనులు. కోయడం, అరగదీయడం లేత్ షాపుకే వదిలేయాలి.

కడగడం అని ఊరికే అనలేదు. బుడమేరు ఒండ్రు ఎంత మెత్తగా ఉంటుందంటే, ఆరితే సిమెంటులా పట్టేస్తుంది. ఆయిల్ వెళ్లే సన్న దారులన్నిటిలో అదే. చివర్లలో ఉన్న ప్లగ్గులు విప్పి, పాలసీసాలు కడిగే బ్రష్, సన్న తీగ, కిరోసిన్, ఎయిర్ కంప్రెసర్, వీటితో ఒక్కో రంధ్రం శుభ్రం చేశాను. ఒక దారిలోంచి వక్కంత మట్టిగడ్డ ఊడి పడింది. అది లోపలే ఉంటే కొత్త బేరింగులు వారం కూడా మిగిలేవి కావు.

బ్లాక్‌ను ఆటోనగర్ లేత్ షాపుకి తీసుకెళ్లాం. నీటిమట్టం ఎక్కడ నిలిచిందో సిలిండర్ గోడ మీద తుప్పు గీత స్పష్టంగా ఉంది, వేలు రాస్తే తగులుతోంది. మేస్త్రిగారు బోర్ గేజ్ పెట్టి చూసి, "25లో పోదు అబ్బాయ్, 50 కొట్టాల్సిందే" అన్నారు. అసలు బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 68.5 మిల్లీమీటర్లు. 0.25 పెంచితే గుంటలు ఇంకా మిగులుతాయి, 0.50 పెంచి 69 చేస్తే గోడ శుభ్రంగా వస్తుంది. సరే మేస్త్రిగారూ, మొదలుపెట్టండి అన్నాను.

"పిస్టన్లు తెచ్చావా?"

"బోర్ అయ్యాక తెస్తానండీ."

"అలా కాదు నాయనా. ముందు పిస్టన్ తే. దాన్ని కొలిచి, దానికి సరిపోయేలా బోర్ కొడతాం. డబ్బా మీద నంబర్ చూసి కొట్టేది కాదు ఇది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పిస్టన్‌కి, గోడకి మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో నాలుగైదు వందో వంతులు. వెంట్రుక కూడా పట్టనంత. కొత్త పిస్టన్లలోనే ఒకదానికీ ఇంకోదానికీ కొద్దిపాటి తేడా ఉండొచ్చు. అందుకే ఏ పిస్టన్ ఏ సిలిండర్‌కో కొలిచి, నంబర్ వేసి కొట్టారు. క్రాంక్‌కి పాలిష్ సరిపోయింది. హెడ్ తలం కొంచెం వంగి ఉంటే ఫేసింగ్ చేసి చదును చేశారు. వంగిన రాడ్ బదులు వేరేది దొరికింది. వంటింట్లో డిజిటల్ కాటా మీద మూడు రాడ్లూ తూచాను. కొత్తది నాలుగు గ్రాములు ఎక్కువ. దాన్ని కూడా మేస్త్రిగారే సరిచేసి ఇచ్చారు.

బోర్ కొట్టాక సిలిండర్ గోడ మీద రాయితో సన్న గీతలు తీస్తారు, అదే హోనింగ్. అది అయిన బ్లాక్ ఇంటికి వచ్చాక పెట్రోల్‌తో తుడిచేసి బిగించేయకండి. హోనింగ్ రాయి నుంచి రాలిన సన్న పొడి ఆ గీతల్లో కూర్చుని ఉంటుంది. పెట్రోల్ జిడ్డును తీస్తుంది గానీ ఆ పొడిని తీయదు. వేడి నీళ్లు, సబ్బు పొడి, గట్టి బ్రష్ కావాలి. అమ్మ నాన్నగారి పాత తెల్ల పంచె చింపి ఇచ్చింది. కడిగి, ఆరబెట్టి, ఆ గుడ్డకు కాస్త ఆయిల్ రాసి సిలిండర్‌లో తిప్పితే బూడిద రంగు మరక. మళ్లీ కడిగాను, మళ్లీ మరక. అయిదోసారికి గుడ్డ తెల్లగా బయటికి వచ్చింది. వెంటనే గోడలకు ఆయిల్ పూసేయాలి. మన విజయవాడ ఉక్కపోతలో కడిగిన ఇనుము చూస్తుండగానే ఎర్రబడుతుంది.

సందు లేకుండా మూసుకోవాలని వాల్వులు నేనే రుద్దాను. వాల్వ్ తలకి రబ్బరు కప్పు ఉన్న కర్ర అతికించి, అంచుకి గ్రైండింగ్ పేస్ట్ రాసి, రెండు అరచేతుల మధ్య పప్పుగుత్తి తిప్పినట్టు తిప్పడమే. కాసేపటికి గరగర శబ్దం తగ్గి మెత్తబడుతుంది. అంచు చుట్టూ ఒకే వెడల్పులో బూడిద రంగు పట్టీ రావాలి. స్ప్రింగులు బిగించాక పోర్టుల్లో, అంటే వాల్వుల వెనక దారుల్లో, కిరోసిన్ పోసి కారుతుందేమో అని పావుగంట చూశాను. ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర చెమ్మ కనిపించింది. విప్పి మళ్లీ రుద్దాను.

రింగుల సంగతి. డబ్బాలోంచి తీసి నేరుగా ఎక్కించకూడదు. ఒక్కో రింగును సిలిండర్‌లో పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా పట్టి కిందికి తోస్తే రింగు సమంగా కూర్చుంటుంది. ఇప్పుడు దాని రెండు కొనల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టి చూడాలి. రెండు సిలిండర్లలో పై రింగుకి 0.20 మిల్లీమీటర్లు వచ్చింది, ఒకదానిలో 0.15. వేడికి రింగు సాగుతుంది. కొనలు తగులుకుంటే గోడను గీరేస్తుంది. సన్న ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది సమం చేశాను. గుర్తు ఉన్న వైపు పైకి రావాలి, మూడు రింగుల సందులు ఒకే వరుసలో పడకూడదు.

క్యాపులు బిగించేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి. ఒక్కో క్యాపు బిగించగానే క్రాంక్‌ను చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే తర్వాతది. బిగుసుకుంటే తప్పు ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది. అన్నీ బిగించాక చూస్తే మళ్లీ అన్నీ విప్పాలి. హెడ్ బోల్టులకు టార్క్ రెంచ్ (బిగువు ఎంతో చూపే పానా) వాడండి, మధ్యలోంచి బయటికి, మూడు విడతలుగా. చేతి అంచనా మీద వదలొద్దు. అద్దెకో అరువుకో తెచ్చుకోండి. టైమింగ్ బెల్టు, ఆయిల్ సీళ్లు, వాటర్ పంప్ కొత్తవే వేశాం, వరద నీళ్లలో నానినవి నమ్మడానికి లేదు.

స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు లేకుండా స్టార్టర్‌తో తిప్పాను, ఆయిల్ లైటు ఆరిపోయేదాకా. అప్పుడు ప్లగ్గులు బిగించాను. నాన్న లోపల కూర్చున్నారు. మొదటిసారి అందుకోలేదు. రెండోసారి అందుకుంది. సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ బాగా వచ్చింది, నాకు చెమటలు పట్టాయి. బిగించేటప్పుడు పూసిన ఆయిల్ కాలడం, సైలెన్సర్‌లో మిగిలిన తడి, అంతే. పది నిమిషాల్లో తగ్గిపోయింది. నాన్న ఏమీ అనలేదు. స్టీరింగ్ మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నారు.

తర్వాత బండిని ఊరికే ఐడిల్‌లో ఉంచలేదు. రింగులు గోడకు సర్దుకోవాలంటే కాస్త బరువు పడాలి. నున్న ఊరికెళ్లే రోడ్డులో వేగం పెంచుతూ, తగ్గిస్తూ నడిపాం, ఒకే వేగంలో ఎక్కువసేపు పోకుండా. 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చాను, వాల్వ్ క్లియరెన్స్ మళ్లీ చూశాను, కంప్రెషన్ గేజ్ పెట్టాను. మూడు సిలిండర్లలో ముల్లు దాదాపు ఒకే గీత దగ్గర ఆగింది, రెండోదానిలో కూడా.

దింపిన ఆయిల్‌ను పళ్లెంలో ఎండలో పెట్టి చూశాను. కొత్త రింగులు సర్దుకున్నప్పుడు వచ్చే సన్న మెరుపు ఉంది. అందులోంచి ఒక చుక్క తీసి, మిగిలిన ఆ పంచె ముక్క మీద వేసి, వేలితో రాశాను. మట్టి తగల్లేదు.