జెల్‌కోట్ మసకబారితే ముందు ఏం చూడాలి?

అందరికీ నమస్కారం. ఇంటి వెనక షెడ్డులోనో, మేడ మీదనో సొంతంగా ఫైబర్ పార్టులు చేసుకునేవాళ్లు ఇంతమంది ఒకచోట కనబడటం చాలా సంతోషంగా ఉంది. ఒకరు బైక్ మడ్‌గార్డు చేస్తారు, ఒకరు కాలేజీ రేసు కారుకి బాడీ చేస్తారు, ఇంకొకరు డ్రోన్‌కి తొడుగు చేస్తారు. కానీ ఒక ఫిర్యాదు మాత్రం అందరి దగ్గరా వింటుంటాను. "డై (అచ్చు) లోంచి తీశాక అద్దంలా ఉండాల్సింది, పాలు కలిపినట్టు మసగ్గా వచ్చింది."

ఈరోజు ఆ మసక సంగతే మాట్లాడతాను. జెల్‌కోట్ అంటే డైలో క్లాత్ కన్నా ముందు వేసే రెజిన్ (గట్టిపడే జిగురు ద్రవం) పూత, పార్టుకి బయటి పొర అదే. ముఖ్యంగా కార్బన్ క్లాత్ కనబడేలా క్లియర్ జెల్‌కోట్ వేసేవాళ్ల కోసం. తెల్ల పిగ్మెంట్ కలిపిన జెల్‌కోట్‌లో ఇదే లోపం ఉన్నా కంటికి ఆనదు. నల్లటి కార్బన్ మీద క్లియర్ వేస్తే ఏ చిన్న తప్పూ దాగదు.

మసక కనబడగానే చాలామంది వాటర్ పేపర్ అందుకుంటారు. దయచేసి ఆగండి. జెల్‌కోట్ మొత్తం మందమే సుమారు అర మిల్లీమీటరు. కారణం తెలియకుండా రుద్దితే మసక పోదు, జెల్‌కోట్ పోతుంది. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మసక పైన ఉందా, జెల్‌కోట్ లోపల ఉందా, దాని వెనక క్లాత్‌లో ఉందా?

ఇది తేల్చడానికి నీళ్లు చాలు. మొదట గోరువెచ్చని నీళ్లతో, మెత్తటి గుడ్డతో పార్టు బాగా కడగండి. పార్టు అతుక్కోకుండా డైకి పీవీఏ అనే ద్రవం పూసి ఉంటే దాని పొర పార్టుకి అంటుకుని వస్తుంది, అది నీళ్లలో కరిగిపోతుంది. కొన్నిసార్లు అక్కడితోనే టెన్షన్ తీరిపోతుంది. కడిగాక కూడా మసక ఉంటే, పూర్తిగా ఆరనిచ్చి, మసగ్గా ఉన్నచోట నాలుగు చుక్కల నీళ్లు వేసి వేలితో పరచండి. తడిగా ఉన్నంతసేపు కార్బన్ నేత స్పష్టంగా కనబడి, ఆరాక మళ్లీ మసకబారితే లోపం పైపొరలోనే ఉన్నట్టు. సన్నటి గీతల్లో, గుంటల్లో నీళ్లు నిండినంతసేపు వెలుతురు చెదరదు, అందుకే స్పష్టంగా కనబడుతుంది. తడిపినా పాల రంగు అలాగే ఉంటే లోపల ఉన్నట్టు. అప్పుడు టార్చి లైటు ఏటవాలుగా పెట్టి చూడండి. మసక మబ్బుమబ్బుగా నేతతో సంబంధం లేకుండా పరుచుకుని ఉంటే జెల్‌కోట్‌లో ఉంది. పోగుల వెంబడే తెల్లగా పోతుంటే క్లాత్‌కి రెజిన్ సరిగా పట్టలేదు, పోగుల మధ్య గాలి మిగిలిపోయింది. ఆ లోపానికి పైన ఎంత పాలిష్ పట్టినా లాభం లేదు.

పైపొర లోపాలు తేలిక. పార్టు తేలిగ్గా ఊడిరావడానికి డై మీద పూసే వ్యాక్స్ పూర్తిగా తుడవకపోతే ఆ గుండ్రటి చారలు అచ్చంగా పార్టు మీదికి వస్తాయి. ఒకే డై మీద చాలా పార్టులు తీస్తే రెజిన్‌లోని స్టైరీన్, పాత వ్యాక్స్ కలిసి పొరగా పేరుకుంటాయి. పార్టుని నిందించే ముందు డై మీద వెలుతురు పడనిచ్చి చూడండి. డై మసగ్గా ఉంటే పార్టు మెరవదు. డైని క్లీనర్‌తో శుభ్రం చేసి, మళ్లీ మొదటి నుంచి వ్యాక్స్ పట్టించాలి.

లోపలి మసక దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను మొదట అనుమానించేది తడినే. పాలియెస్టర్ రెజిన్‌లో నీళ్లు కలవవు. కంటికి కనబడనంత సన్నటి బిందువులుగా చిక్కుకుపోతాయి. ప్రతి బిందువూ వెలుతురుని చెదరగొడుతుంది, మనకు పాల రంగు కనబడుతుంది. పైగా ఆ తడి చుట్టూ రెజిన్ గట్టిపడటం కూడా మందగిస్తుంది.

"నేను నీళ్లెక్కడ పోశానండీ?" అంటారు. విశాఖలోనో కాకినాడలోనో ఆగస్టు నెలలో మనం పోయక్కర్లేదు. గదిలో 30 డిగ్రీల వేడి, గాలిలో తేమ 80 శాతం ఉందనుకోండి. డై ఉపరితలం సుమారు 26 డిగ్రీలకు తగ్గితే చాలు, దాని మీద మంచు పడుతుంది. ఏసీ గదిలో దాచిన డైని బయటికి తెచ్చి వెంటనే జెల్‌కోట్ వేయడమంటే ఇదే. ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు మబ్బుపట్టినట్టు డై కూడా పడుతుంది, కాకపోతే అంత పలుచగా ఉంటే మనం గమనించం. ఇంకొకటి చాలామందికి తట్టదు. వేసే ముందు అసిటోన్‌తో డై తుడుస్తాం. అసిటోన్ ఆవిరవుతూ డైని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీదికి చేరుతుంది. శుభ్రం చేస్తున్నామనుకుంటూ మనమే తడి పిలిచినట్టవుతుంది. తుడిచాక డై మళ్లీ గది వేడికి వచ్చేదాకా ఆగండి. వానాకాలంలో హీట్ గన్‌తోనో బల్బు పెట్టో డైని గది కన్నా రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంచితే ఈ గొడవ చాలావరకు ఉండదు. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనుక్కుని గోడకు పెట్టుకోండి. మెరిసే పార్టు కావాలంటే రెజిన్ తర్వాత నేను చెప్పే ఖర్చు అదే.

పీవీఏ కూడా నీళ్లతో, ఆల్కహాల్‌తో చేసిందే. వానాకాలంలో అది ఆరడానికి ఎండాకాలం కన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది. పైకి ఆరినట్టున్నా మూలల్లో, వంపుల్లో నిలిచిన పీవీఏ పచ్చిగానే ఉంటుంది. స్ప్రే చేసేవాళ్లు కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీళ్లు ముందే వదిలేయాలి, గొట్టానికి నీళ్ల ఫిల్టరు ఉండాలి. బ్రష్‌తో వేసేవాళ్లు అసిటోన్‌లో కడిగిన బ్రష్‌ని పూర్తిగా ఆరాకే ముంచాలి. అందులో మిగిలిన అసిటోన్ జెల్‌కోట్‌లో చిక్కుకుని అదే మసక తెస్తుంది.

తడి కాకపోతే గాలి. డ్రిల్లుకి కలిపే పుల్ల తగిలించి జోరుగా తిప్పితే సన్నటి బుడగలు నిండిపోతాయి. జెల్‌కోట్ చిక్కన కాబట్టి అవి పైకి తేలవు. చేత్తో నెమ్మదిగా, డబ్బా గోడల్ని గీకుతూ కలపండి.

గాలి కూడా కాకపోతే కాటలిస్ట్, అంటే జెల్‌కోట్‌ని గట్టిపరిచే రసాయనం. నూరు గ్రాముల జెల్‌కోట్‌కి ఎంఈకేపీ అనే కాటలిస్ట్ ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల మధ్య ఉంటుంది, మీ డబ్బా మీద రాసిందే ప్రమాణం. ఎండాకాలం త్వరగా గట్టిపడుతోందని దాన్ని సగానికి తగ్గించేస్తుంటారు. ఈ పని నాకు అస్సలు నచ్చదు. అలా వేసిన జెల్‌కోట్ పైకి గట్టిగా కనబడుతుంది గానీ లోపల పచ్చిగానే ఉండిపోతుంది. పాలిష్ పట్టిన కొన్ని రోజులకే మెరుపు చస్తుంది. కాటలిస్ట్ తగ్గించకండి, తక్కువ తక్కువగా కలుపుకుని చల్లటి వేళ వేయండి. అనుమానముంటే అసిటోన్ తడిపిన గుడ్డ కనబడని మూల పెట్టి రుద్దండి. ఉపరితలం జిగురుగా మారితే పచ్చిగా ఉన్నట్టే. ఇంకో మాట, ఎంఈకేపీని, గట్టిపడటాన్ని వేగిరపరిచే కోబాల్ట్ ద్రవంతో నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. కళ్లలో పడితే చూపు పోయే ప్రమాదముంది. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఎంఈకేపీ సీసా మూత తీయకండి.

డబ్బా కూడా ఓసారి చదవండి. కొన్ని టాప్‌కోట్‌లలో (అన్నిటికన్నా పైన వేసే పూతల్లో) గాలి తగిలినా ఎండేలా వ్యాక్స్ కలిపి ఉంటుంది. దాన్ని డైలో జెల్‌కోట్‌గా వాడితే ఆ వ్యాక్స్ తేలి వెనక పొరతో సరిగా అతకదు. అలాగే ఎపాక్సీని (ఇంకో రకం రెజిన్) పైపూతగా వేసేవాళ్లకు తేమ గాలిలో మర్నాటికి జిడ్డు తెల్లపొర తేలొచ్చు. దాన్ని రుద్దే ముందు గోరువెచ్చని నీళ్లతో కడగాలి, లేకపోతే జిడ్డు గీతల్లోకి దిగి తర్వాతి పూత చేపకళ్లలా విడిపోతుంది.

బాగుచేసే సంగతి. పైపొరలో మసకైతే 800, 1000, 1500, 2000 వాటర్ పేపర్లతో వరసగా రుద్ది పాలిష్ కాంపౌండ్ పట్టండి. ఒక నంబరు గీతలు పూర్తిగా పోయాకే తర్వాతిది పట్టుకోవాలి. పచ్చిగా ఉండిపోతే 50, 60 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వెచ్చబెడితే కొంత కుదురుకుంటుంది, కాటలిస్ట్ మరీ తగ్గి ఉంటే అదీ పనిచేయదు. జెల్‌కోట్ లోపల తడి చిక్కుకుంటే ఆ భాగాన్ని మసక పోయేదాకా రుద్ది దించి, 2కే క్లియర్ (గట్టిపరిచే ద్రవం కలిపి వేసే రెండు భాగాల పూత) వేయడమే దారి. ఆ క్లియర్‌లో ఊపిరికి హానిచేసే ఐసోసైనేట్ ఉంటుంది, మామూలు దుమ్ము మాస్కు దానికి చాలదు. క్లాత్‌లోనే గాలి మిగిలితే పార్టు మళ్లీ చేయాలి.

కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ ముందు వ్యాక్స్ పట్టిన గాజు పలక మీద అరచేయంత వేసి, పైన ఒక ముక్క కార్బన్ క్లాత్ వేసి చూడండి. దాని వెనక ఆనాటి వేడి, తేమ, కాటలిస్ట్ ఎంత వేశారో మార్కరుతో రాసి దాచండి. మీరు తెచ్చిన పార్టులు అక్కడ పెట్టండి, ఒక్కొక్కదాని మీదా నీళ్లు వేసి చూద్దాం.