నడుం ఇంజక్షనూ, గడ్డం కింద మాస్కూ

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలోని మేడమ్‌లకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైము అందులోనే అయిపోతుంది, క్షమించాలి. నర్సుల దినోత్సవం కాబట్టి నైటింగేల్ గురించి మాట్లాడమన్నారు. మే 12 ఆవిడ పుట్టినరోజు, క్రిమియా యుద్ధంలో సేవ చేసింది, ఇవన్నీ మీకు తెలిసినవే. విశాఖలో ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని, నేను మాస్కు గురించే మాట్లాడతాను.

సిజేరియన్‌కి నడుంలో మత్తు ఇస్తారు కదా. ఆ సూది వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి వెళ్తుంది. మెదడు చుట్టూ తిరిగేదీ ఆ నీరే. మనందరి నోట్లో స్ట్రెప్టోకాకస్ సాలివేరియస్ అని ఓ బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. నాలుక మీద ఉన్నంతకాలం పేచీ లేదు. మాట్లాడేటప్పుడు తుంపరతో పాటు సూది మీద పడి లోపలికి పోయిందా, మెనింజైటిస్, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరలకి వాపు.

అమెరికాలో 2008, 2009ల్లో న్యూయార్క్, ఒహాయో రాష్ట్రాల్లో ఐదుగురు తల్లులకు కాన్పప్పుడు ఇచ్చిన మత్తు తర్వాత ఇలా వచ్చింది. ఒహాయోలో ఇద్దరికీ మత్తిచ్చింది ఒకే డాక్టరు, మాస్కు లేకుండా. వాళ్లలో ఒకామె చనిపోయింది. మాస్కు పెట్టుకోవాలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2007లోనే చెప్పి ఉంది!

మన దగ్గర మాస్కు లేకపోవడం కాదు, ఫోన్ రాగానే అది గడ్డం కిందకి దిగుతుంది. కోవిడ్‌లో రోడ్డు మీద మాస్కు లేదని ఫైను కట్టాం, థియేటర్లో అడిగేవాడు లేడు.

మా ఆడపడుచు కూతురు సంగతి చెప్పాలి. ఆస్పత్రి పేరు చెప్పను, అడక్కండి. ఆపరేషనయిన మర్నాడు తలనొప్పి అంది. "స్పైనల్ తలనొప్పమ్మా, కాఫీ తాగి పడుకో" అన్నారు. నడుం మత్తు తర్వాత ఆ తలనొప్పి ఉంటుంది, కాదనను. కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. దీనికి పడుకున్నా తగ్గలేదు. జ్వరం, వాంతులు. ట్యూబ్‌లైట్ ఆపెయ్యమని ఒకటే గోల. గడ్డం గుండెకి ఆనించమంటే మెడ వంగలేదు. ఇవన్నీ మెనింజైటిస్ గుర్తులే. డ్యూటీ అమ్మాయికి చెప్తే "ఎండలు కదా ఆంటీ" అంది. ఏసీ గదిలో ఎండేమిటమ్మా? గొడవపడితే గానీ నడుం నీరు తీసి పరీక్షకి పంపలేదు, యాంటీబయాటిక్ పెట్టలేదు. బతికింది. కుడి చెవి మాత్రం పోయింది, ఫోన్ ఎడమ చెవికే పెట్టుకుంటుంది.

నడుం నొప్పికి వెన్నులో స్టెరాయిడ్ వేయించుకున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎంతమందో! భయపడకండి, ఇది అరుదు. కానీ 2012లో అమెరికాలో ఒక మందుల కంపెనీ సీసాల్లోనే ఫంగస్ చేరింది. అవి వేయించుకున్నవాళ్లలో 753 మందికి జబ్బు చేసి, 64 మంది పోయారు. కొందరికి వారాల తర్వాత గానీ బయటపడలేదు. అందుకే నెల దాటాక తలనొప్పితో డాక్టర్ దగ్గరికెళ్లినా, వెన్నులో ఇంజక్షన్ చేయించుకున్న సంగతి మీరే చెప్పాలి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.

ముగించమని చీటీ వచ్చింది. వెనక బెంచీల్లోని నర్సింగ్ పిల్లలూ, డిశ్చార్జి కాగితం మీద "పడుకున్నా తగ్గని తలనొప్పి, జ్వరం ఉంటే వెంటనే రండి" అని తెలుగులో రాయండి. కింద రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు వెయ్యండి, రిసెప్షన్‌ది కాదు.