దసరా లెక్క దసరాకు సరిపోవాలంటే: ప్రచార లింకుల ట్యాగులు

నమస్కారం. ప్రొద్దుటూరులో గానీ కడపలో గానీ చీరల అంగడి ఆన్‌లైన్ అమ్మకాలు చూసేవారిని ఒక ప్రశ్న అడగండి. "దసరాకు వాట్సాప్ సందేశాల వల్ల ఎంత అమ్ముడైంది, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల వల్ల ఎంత అమ్ముడైంది?" పండుగ ముగిసిన వారంలో అడిగితే టక్కున చెబుతారు. ఏడాది గడిచాక అడిగితే తడుముకుంటారు. లెక్క ఎక్కడికీ పోలేదు, వెబ్‌సైటుకు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌లోనే ఉంది. కాకపోతే ఒకే వాట్సాప్ నాలుగు పేర్లతో నాలుగు వరుసల్లో పడి ఉంది. ఏ వరుసను దేనితో కలపాలో చెప్పగలిగిన కుర్రవాడు బెంగళూరులో వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

లింకుకు ట్యాగులు ఎలా తగిలించాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. ఇవాళ నేను మాట్లాడేది వాటిని ఏళ్ల తరబడి పనికొచ్చేలా కాపాడుకోవడం గురించి.

కొత్తవారి కోసం రెండు మాటలు. మన వెబ్‌సైటు లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి, యూటీఎమ్ సోర్స్, యూటీఎమ్ మీడియం, యూటీఎమ్ క్యాంపెయిన్ అని మూడు ట్యాగులు రాస్తాం. కొనేవారు ఎక్కడి నుంచి వచ్చారన్నది సోర్స్, ఏ రకం దారిలో వచ్చారన్నది మీడియం, మన ఏ ప్రచారం చూసి వచ్చారన్నది క్యాంపెయిన్. ఇది అర్చిన్ అనే అమెరికా కంపెనీ తెచ్చిన పద్ధతి. 2005లో గూగుల్ ఆ కంపెనీని కొని, అదే ఏడాది గూగుల్ అనలిటిక్స్‌ను విడుదల చేసింది. 2023 జులైలో పాత అనలిటిక్స్ ఆగిపోయి దాని కొత్త రూపం జీఏ4, అంటే గూగుల్ అనలిటిక్స్ 4, దాని స్థానంలోకి వచ్చినప్పుడు కూడా ఈ ట్యాగులు యథాతథంగా పనిచేశాయి. ఇన్నేళ్లూ పద్ధతి నిలిచింది. నిలవనివి మనం పెట్టే పేర్లే.

అనలిటిక్స్‌కు ఇంగ్లీషులో చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు. వాట్సాప్ అని అన్నీ చిన్న అక్షరాల్లో రాస్తే ఒక సోర్స్, మొదటి అక్షరం పెద్దది చేస్తే ఇంకో సోర్స్, డబ్ల్యూ ఏ అని పొడి అక్షరాలు వేస్తే మూడోది. ఒకరు రాసేటప్పుడు ఇందులో తప్పేమీ కనిపించదు. దుకాణం యజమాని కొడుకు, ఫోటోలు పెట్టే అమ్మాయి, హైదరాబాదు ఏజెన్సీ ఎవరికివారు లింకులు తయారుచేస్తే మాత్రం ఒకే పండుగకు నాలుగు చిట్టాలు తయారవుతాయి.

మీడియం దగ్గర జరిగే నష్టం ఇంకా పెద్దది, దాని గురించి మాట్లాడేవారు మాత్రం తక్కువ. సోర్స్, మీడియం రెండూ చూసి జీఏ4 ప్రతి రాకనూ ఒక ఛానెల్‌లో, అంటే ఒక రకం రాకల పద్దులో, వేస్తుంది. దానికి దాని నియమాలున్నాయి. ఫేస్‌బుక్‌లో డబ్బులు పెట్టి ప్రకటన వేసి, మీడియం దగ్గర యాడ్స్ అని రాశారనుకోండి. పెయిడ్ అనే మాటతో మొదలయ్యేది గానీ, నొక్కినదానికి డబ్బు కట్టే ప్రకటనలకు వాడే సీపీసీ లాంటిది గానీ, పీపీసీ గానీ, రీటార్గెటింగ్ గానీ ఉంటేనే జీఏ4 దాన్ని డబ్బు పెట్టిన ప్రకటనగా గుర్తిస్తుంది. యాడ్స్ అనే మాట ఆ నియమంలో లేదు. సోర్స్ ఫేస్‌బుక్ కాబట్టి ఆ రాకలన్నీ ఆర్గానిక్ సోషల్‌లో, అంటే ఉచితంగా వచ్చినవారి పద్దులో పడతాయి. అప్పుడు నివేదిక చూసిన యజమాని "ఉచిత పోస్టులకే ఇంత మంది వస్తుంటే ప్రకటనలకు డబ్బులెందుకు?" అంటాడు. ఆయన ముందున్న అంకెల ప్రకారం ఆ మాట సబబే. పనిచేస్తున్న ప్రకటన ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. నాకు బాధ కలిగించేది ఇలాంటి తప్పే.

క్యాంపెయిన్ పేరు సంగతికి వద్దాం. దసరా వచ్చిందంటే ప్రొద్దుటూరులో వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయ ఉత్సవాలకు జనం పోటెత్తుతారు, బట్టల వ్యాపారానికి అది పెద్ద కాలం. ఆ కాలం క్యాలెండరులో ఒకచోట ఉండదు. 2024లో నవరాత్రులు అక్టోబరు 3న మొదలై, విజయదశమి 12న వచ్చింది. 2025లో సెప్టెంబరు 22నే మొదలై, అక్టోబరు 2న ముగిశాయి. అక్టోబరును అక్టోబరుతో పోల్చితే 2025లో వ్యాపారం కుప్పకూలినట్టు కనిపిస్తుంది. రెండు దసరాలను నిజంగా పక్కపక్కన నిలబెట్టేది క్యాంపెయిన్ పేరొక్కటే. కాబట్టి ముందు సంవత్సరం, తర్వాత పండుగ, ఆ తర్వాత సరుకు, మధ్యలో చిన్న గీతలు, అన్నీ చిన్న అక్షరాలు, ఎక్కడా ఖాళీ లేకుండా: 2025 గీత దసరా గీత పట్టు. ఏటా ఇదే వరుస. బాగుందని ఇంకో ఏడాది కొత్త పద్ధతి పెట్టకండి. అంత గొప్పది కాని పేరైనా, ఏళ్లపాటు మారకుండా ఉంటే అదే మంచి పేరు.

మన ఊళ్ల వర్తకులకు చిట్టా, ఆవర్జా తెలుసు. ఏ రోజు పద్దు ఆ రోజు చిట్టాలో పడుతుంది, అక్కడి నుంచి ఆవర్జాలో ఆ పేరున్న ఖాతాకే చేరుతుంది. గుమాస్తా తనకు తోచిన పేరుతో కొత్త ఖాతా తెరవడానికి వీల్లేదు. లింకులకూ అదే కట్టుబాటు ఉండాలి. ఒక గూగుల్ షీటు తెరవండి. అనుమతించిన సోర్స్ పేర్లు, మీడియం పేర్లు ఒక పేజీలో ఉంచి, రెండో పేజీలో డ్రాప్‌డౌన్ నుంచే ఎంచుకునేలా పెట్టండి. లింకును షీటే కూర్చాలి, చేత్తో ఎవరూ టైపు చేయకూడదు. కొత్త పేరు కావాలంటే ఒకే మనిషిని అడగాలి. ఆ మనిషి పదవి ఏదైనా ఫరవాలేదు, ఒక్కరే ఉండాలి.

పాత చెత్త మాటేమిటంటారా? జీఏ4లో ఒకసారి నమోదైన సోర్స్, మీడియం పేర్లను దిద్దలేం. అయితే కస్టమ్ ఛానెల్ గ్రూప్ అనే సదుపాయం ఉంది. ఈ నాలుగు రకాల వాట్సాప్‌లూ ఒకటే అని అక్కడ నియమం రాస్తే, అది పాత తేదీల డేటాకు కూడా వర్తిస్తుంది. గత పండుగల లెక్క పోయిందని వదిలేసుకునే ముందు ఇది చేసి చూడండి. ఇంకో సెట్టింగు కూడా ఉంది: ఎక్స్‌ప్లోరేషన్ అనే, మనకు కావలసినట్టు కూర్చుకునే నివేదికలకు వివరమైన డేటాను నిలిపి ఉంచే గడువు మొదట్లో 2 నెలలే ఉంటుంది. దాన్ని 14 నెలలకు మార్చకపోతే పోయిన దసరాను ఆ నివేదికల్లో తవ్వి చూడలేరు. ఈరోజే మార్చండి, అప్పటికే చెరిగిపోయిన డేటా తిరిగి రాదు.

పేర్లు సరిగ్గా ఉన్నా లింకు దారిలో తెగిపోవచ్చు. వెబ్‌సైటు కొత్తగా కట్టించినప్పుడు పాత పేజీ నుంచి కొత్త పేజీకి మళ్లింపు పెడతారు. కొన్ని మళ్లింపులు ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా రాల్చేస్తాయి. పేజీ చక్కగా తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాట్సాప్ లాంటి యాప్ నుంచి ట్యాగు లేకుండా వచ్చినవారు చాలాసార్లు డైరెక్ట్ అనే, ఎక్కడి నుంచి వచ్చారో తెలియనివారి పద్దులో కలిసిపోతారు. డైరెక్ట్ ఉన్నట్టుండి పెరిగితే సంతోషించే ముందు మళ్లింపులు చూడండి. లింకులో హ్యాష్ గుర్తు ఉంటే ట్యాగులు దానికి ముందే రావాలి. ప్రశ్నార్థకం ఒకటే ఉండాలి, ముందే ఒకటి ఉంటే యాంపర్‌శాండ్ (&) గుర్తుతో కలపాలి. పంపే ముందు ఫోనులో నొక్కి, పేజీ పూర్తిగా తెరుచుకున్నాక అడ్రసులో ట్యాగులు మిగిలాయో లేదో చూడటానికి అర నిమిషం చాలు.

చీరల సంచుల మీద క్యూఆర్ కోడ్ అచ్చు వేయించేవారు మరింత జాగ్రత్త పడాలి. మంచి సంచిని మన ఇళ్లలో పారేయరు. కూరగాయలకు, పెళ్లి ప్రయాణాలకు ఏళ్లపాటు తిరుగుతుంది. మామూలు కోడ్‌లో లింకు నేరుగా అచ్చయిపోతుంది, తర్వాత మార్చలేం. కాబట్టి ట్యాగులున్న పొడవాటి లింకును అచ్చు వేయకండి. మీ సొంత డొమైన్ (వెబ్‌సైటు అడ్రసు) మీద ఒక పొట్టి లింకు పెట్టి, దాన్నే కోడ్‌గా మార్చండి. వెనక అది ఎక్కడికి వెళ్లాలో, ఏ ట్యాగులతో వెళ్లాలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఆ మళ్లింపు 301 (శాశ్వత మళ్లింపు) కాకుండా 302 (తాత్కాలిక మళ్లింపు) ఉండాలి, ఎందుకంటే 301ను బ్రౌజర్లు గుర్తుపెట్టుకుని పాత చోటికే పంపుతుంటాయి. పరాయి పొట్టి లింకుల సేవను నమ్ముకోవడం నాకు ఇష్టం ఉండదు. గూగుల్ అంతటి సంస్థే 2019లో తన పొట్టి లింకుల సేవలో కొత్త లింకులు ఆపేసింది. 2025 ఆగస్టులో పాతవాటినీ ఆపేస్తామని ప్రకటించి, గడువు దగ్గరపడ్డాక వాడుకలో ఉన్నవాటిని మాత్రం ఉంచింది.

మీ సైటు లోపలి బ్యానర్లకు యూటీఎమ్ ట్యాగులు పెట్టకండి. ఇన్‌స్టాగ్రామ్ నుంచి వచ్చిన మనిషి ఆ బ్యానర్ నొక్కి కొంటే, అమ్మకం ఘనత కొంతైనా మీ బ్యానర్‌కు పోవచ్చు. కొనేవారి ఫోను నంబరు, పేరు ట్యాగులో పెట్టడం కూడా తప్పే. అది గూగుల్ నియమాలకు విరుద్ధం, పైగా మనల్ని నమ్మి నంబరు ఇచ్చినవారికి అన్యాయం.

అన్నీ సరిచేసుకున్నా ఒక లోటు మిగులుతుంది. ఐఫోనులోని సఫారీ బ్రౌజరు, వచ్చినవారిని మళ్లీ గుర్తుపట్టడానికి అనలిటిక్స్ ఫోనులో దాచే చిన్న గుర్తులను, అంటే కుకీలను, సాధారణంగా 7 రోజులే ఉంచుతుంది. పెళ్లి చీర ఇవాళ చూసి, ఇంట్లో అందరికీ చూపించి, మూడో వారంలో కొనేవారు కొత్త మనిషిగానే కనిపిస్తారు. అందుకే అనలిటిక్స్ అంకెను బిల్లుల అంకెతో రూపాయి రూపాయి సరిపోల్చమని నేను చెప్పను. ఏటా ఒకే పద్ధతిలో లెక్కిస్తే పెరిగిందా తగ్గిందా అన్నది నమ్మకంగా తెలుస్తుంది.

చివరగా యజమానులకు ఒక మాట. షీటు, అనలిటిక్స్ ఖాతా, పొట్టి లింకుల డొమైన్ ఈ మూడూ దుకాణం ఈమెయిల్ పేరు మీదే ఉండాలి, పనిచేసేవారి సొంత ఈమెయిల్ మీద వద్దు. ఎవరైనా ఉద్యోగం మానేటప్పుడు తాళాలు తీసుకున్నట్టే ఈ అనుమతులూ తీసుకోండి. వెళ్లే ముందు కొత్తవారిని పక్కన కూర్చోబెట్టి, షీటులోని ప్రతి పేరూ ఎందుకు పెట్టారో వెళ్లేవారిచేత చెప్పించండి, ఆ వివరం పక్క గడిలో రాయించండి.